తని మొదలవగానే కాఫీకి లేచే సభలో ఎన్నాళ్లు వాయించాలి?

గోదావరి తీరంలోని ఒక పట్నం నుంచి మృదంగ కళాకారుడొకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

వయసు 37. పదో ఏట మృదంగం పట్టారు. ఆకాశవాణిలో బి-హై గ్రేడు, అంటే 'ఏ' గ్రేడుకు ఒక మెట్టు కింద. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. కూతురు ఏడో తరగతి, కొడుకు రెండో తరగతి. ఇంట్లో సాయంత్రాలు పాఠాలు చెబితే నెలకు 16,000 దాకా వస్తుంది. కిందటేడు వాయించిన కార్యక్రమాలు 41, వాటిమీద వచ్చింది 2,56,000. ఆ లెక్క ఆయన విడివిడిగా రాశారు. ఊళ్లోనూ చుట్టుపక్కల గుళ్లలోనూ ఉత్సవాలకు 14 (42,000), కూచిపూడి రంగప్రవేశాలూ (నర్తకుల తొలి ప్రదర్శనలు) ఇతర నృత్య ప్రదర్శనలూ 9 (1,26,000), రేడియో 2 (12,000), హైదరాబాదు, విశాఖ, బెంగళూరుల్లో సభలు, అంటే కచేరీలు పెట్టే సంగీత సంస్థలు, పిలిచినవి 12 (66,000), డిసెంబరు సంగీతోత్సవాలకు చెన్నైలో 4 (10,000).

ఉత్తరం రాయించింది మాత్రం మొన్న హైదరాబాదులో జరిగిన ఒక కచేరీ. పారితోషికం 6,000 అన్నారు. ఆరింటికి మొదలవాల్సిన కచేరీ ఏడుంబావుకి మొదలైంది. ముందు నలుగురి ఉపన్యాసాలు, ఇద్దరు దాతలకు సన్మానం. మొదటి వరసలో ఎవరో మృదంగం మోత ఎక్కువైందంటే మైకు అబ్బాయి తొప్పి (ఎడమ మూత) వైపు మైకే తీసుకుపోయాడు. గాయకుడు తోడి రాగం విస్తారంగా పాడి తనికి, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టానికి, వదిలేసరికి సగం హాలు కాఫీకి లేచింది. మూడు నిమిషాలు కాకుండానే వేదిక కిందనుంచి చీటీ: "త్వరగా ముగించగలరు. ముఖ్య అతిథిగారు వెళ్లాలి." ఆఖర్న శాలువా, కవరు. కవర్లో 4,500. అడిగితే కార్యదర్శి గారు "జీఎస్టీ, టీడీఎస్ పోయాయండి" అన్నారు. ఆ వెంటనే నవ్వుతూ, "నిధి చాల సుఖమా అన్నారు కదండీ త్యాగయ్యగారు" అని కూడా అన్నారు. రానుపోను రైలుకు 2,000, రెండు మృదంగాలతో ఆటోలకు 900, తిండికి 500 పోగా రెండు రోజులకు మిగిలింది 1,100. పక్కవారం ఆ కచేరీ సభవారి యూట్యూబ్ చానల్లో కనిపించింది. ఆయన ఇంటిపేరు తప్పు పడింది.

కిందటి డిసెంబరులో చెన్నైలో పన్నెండు రోజులుండటానికి భార్య తన గొలుసు తీసి ఇచ్చింది. అది ఇంకా తాకట్టులోనే ఉంది. ఆవిడ ఒక్కమాట అనలేదు, అదే ఆయన్ని తినేస్తోంది. ఇప్పుడు రెండు పిలుపులొచ్చాయి. ఊళ్లోనే ఒక కార్పొరేట్ స్కూల్లో సంగీతం మాస్టారు ఉద్యోగం, నెలకు 24,000, సోమవారం నుంచి శనివారం దాకా. రెండోది అమెరికా యాత్ర: తెలిసిన గాయకుడి బృందంతో పది వారాలు, పద్దెనిమిది కచేరీలు, కచేరీకి 150 డాలర్లు, విమానం టికెట్టు వాళ్లదే, కాకపోతే "సందర్శక వీసా మీద వచ్చేయండి, ఫరవాలేదు" అంటున్నారు. ఇవేవీ కాక, మృదంగానికి గుడ్డ చుట్టి అటక ఎక్కించేయనా అన్నది ఆయన ప్రశ్న.

తమ్ముడూ,

మీకు ముందు నా సంగతి చెప్పాలి. నేను వయొలిన్ వాయించేవారి ఇంట్లో పుట్టాను. నాన్న రాత్రి బండి దిగి వచ్చి, కవరు అమ్మ చేతికిచ్చి, ఆవిడ లెక్కపెడుతుంటే అటు తిరిగి కాళ్లు కడుక్కునేవారు. అది చూస్తూ పెరిగాను. పెద్దయ్యాక పదిహేడేళ్లు ఒక సంగీత సభకు కోశాధికారిగా ఉన్నాను. అంటే మీలాంటివాళ్ల కవర్లలో డబ్బు పెట్టిన చేతులు నావి. కనుక రెండు వైపుల మాటా చెప్పగలను.

మొదట ఆ 1,500 సంగతి. శాస్త్రీయ, జానపద సంగీతం, నృత్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకు లక్షన్నర రూపాయల దాకా ఇచ్చే పారితోషికం మీద జీఎస్టీ లేదు. ఏదైనా సరుకుకు ప్రచారకర్తగా వాయిస్తే తప్ప ఆ మినహాయింపు మీకు వర్తిస్తుంది. ఇక టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లే ముందుగా కోసే ఆదాయపన్ను అంటారా, అది పది శాతం. అదీ ఒకే సంస్థ ఏడాదిలో మీకిచ్చిన మొత్తం పరిమితి దాటితేనే. ఆ పరిమితి వేలల్లో ఉంది, 6,000 దానికి దరిదాపుల్లో కూడా రాదు. నిజంగా కోసి ప్రభుత్వానికి కట్టి ఉంటే, మీ పాన్ నంబరు మీద ఆదాయపన్ను పోర్టల్లో కనిపించి తీరాలి. చూడండి. లేకపోతే కార్యదర్శి గారికి నాలుగు వాక్యాలు రాయండి: 'నా 1,500 ఏ పన్ను కింద మినహాయించారో, చలానా ఎప్పుడు కట్టారో తెలియజేయండి.' కోపం వద్దు, ఈ ప్రశ్న చాలు. డబ్బు రావొచ్చు, రాకపోవచ్చు. ఆ సభ మిమ్మల్ని మళ్లీ పిలవకపోవచ్చు కూడా. రాయకపోతే వచ్చే ఏడు 6,000 చెప్పి 4,000 పెడతారు. ఈ రెండింటిలో ఏది భరించగలరో మీరే తేల్చుకోండి.

త్యాగయ్యగారి మాట మీకు గట్టిగా గుచ్చుకున్నట్టుంది, రెండుచోట్ల రాశారు. నాకూ గుచ్చుకుంది. మా నాన్నను కూడా ఆ కీర్తనతోనే నోరు మూయించేవారు. శరభోజి మహారాజు పిలిపిస్తే వెళ్లకుండా పాడిన కీర్తనగా దాన్ని చెప్పుకుంటాం. ఆ కథను కథగానే ఒప్పుకుందాం. అందులో ఆయన వద్దన్నది రాజు నిధిని, అదీ తన కోసం. ఇంకొకడి చేత రెండు రోజులు పని చేయించుకుని, ఇస్తానన్నది తగ్గించి, దానికి తన కీర్తనను సాక్ష్యం పెట్టమని ఆయన ఎవరికీ చెప్పలేదు. పైగా ఆయన ఉంఛవృత్తి చేశారు. త్యాగరాజ ఆరాధన రోజున మనమంతా తంబురాలు పట్టుకుని వీధిలో తిరిగి దాన్ని గుర్తు చేసుకుంటాం కదా! ఉంఛవృత్తి అంటే ఏమిటి? పాడుతూ వీధిలో నడిస్తే ప్రతి గడపలోంచీ బియ్యం రావడం. ఊరు తన గాయకుణ్ణి పోషించిన పద్ధతి అది. నిధి వద్దన్న మనిషి పాత్రలో ఊరు బియ్యం పోసింది. ఆ బియ్యం వంతు మరిచిపోయి నిధి వంతు మాత్రమే మీకు అప్పజెబుతున్నారు.

మీ లెక్క దగ్గరికి వస్తాను. మీరు అంత శ్రద్ధగా రాశారు గానీ ఒక కూడిక చేయలేదు. బయటి ఊళ్ల సభలు 12, చెన్నై 4 కలిపి 16 కచేరీలకు మీకు వచ్చింది 76,000. వాటికి మీరే రాసిన ఖర్చు: సభలకు 50,400, చెన్నైలో పన్నెండు రోజులకు 38,000. మొత్తం 88,400. అంటే ఏడాదంతా ఊళ్లు తిరిగి 12,400 చేతినుంచి పెట్టుకున్నారు. మూతలు మార్పించడానికి, వార్లకు, సంచులకు అయిన 22,000 ఇందులో లేదు. మరోవైపు నృత్య కార్యక్రమాలు తొమ్మిదే, మీ సంపాదనలో దాదాపు సగం వాటిదే. కానీ ఉత్తరంలో వాటి గురించి ఎన్ని వాక్యాలున్నాయో తెలుసా? రెండు. 'గజ్జెల చప్పుడులో మృదంగం ఎవడు వింటాడు' అన్నది ఒకటి. రంగప్రవేశాల డబ్బు పుచ్చుకుంటూ ఆ పని కాస్త తక్కువని మీరనుకుంటున్నారు. చేతినుంచి డబ్బు పోయే సభల్లో కూర్చుంటే విద్వాంసుణ్ణనుకుంటున్నారు.

తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మా ఇంట్లో కూడా అంతే. నాన్న పెళ్లి కచేరీ డబ్బుతో స్కూలు ఫీజు కట్టి, ఆ పెళ్లి గురించి మాట్లాడేవారు కాదు. ఒక పెద్ద గాయకుడి పక్కన సొంత ఖర్చుతో వాయించిన కచేరీ గురించి ఇరవై ఏళ్లు చెప్పారు. గౌరవం కోసం ఖర్చు పెట్టడం నేరం కాదు. ఎంత పెడుతున్నారో తెలియకుండా పెట్టడమే ఇల్లు గుల్ల చేస్తుంది. గుడి కచేరీలనూ నృత్యాన్నీ రేడియోనూ మీ జీవనం అనుకోండి. బయటి ఊళ్లను విద్య కోసం పెట్టే ఖర్చు అనుకోండి. ఆ ఖర్చుకు ఏడాదికి ఒక హద్దు గీయండి, మీ భార్యతో కలిసి కూర్చుని గీయండి. హద్దు 15,000 అనుకుంటే, ఏ సభలకు వెళ్తారో అప్పుడు మీరే ఏరుకుంటారు. అన్నిటికీ తలూపరు.

ఇక సభల వైపు సంగతి. ఉపన్యాసాలు ఎందుకు అంత సేపు సాగుతాయో మీకు కోపంలో కనిపించదు. మన ఊళ్లలో సంగీత కచేరీకి టికెట్టు పెడితే రారు. ఉచిత ప్రవేశమే అలవాటు. హాలు అద్దె, మైకు, ముఖ్య కళాకారుడికి పారితోషికం, బస, పూలు, ఆహ్వాన పత్రికలు, అన్నిటికీ దాతలే దిక్కు. ఆ దాత అడిగేది ఒక్కటే, భార్యాపిల్లల ముందు వేదిక మీద పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మేము మీ సమయంలోంచి కోసి ఇచ్చేవాళ్లం, ఎందుకంటే మీరు గొడవ చేయరు. డబ్బు సంగతీ అంతే. నా పుస్తకంలో కచేరీకి ముందే రాసుకున్న ఖర్చులకు డబ్బు పక్కన పెట్టేదాన్ని. 'మీ దయ, మీరెంతిచ్చినా సరే' అన్నవాళ్లకు చివర్లో మిగిలింది కవర్లో పెట్టేదాన్ని. మిగలని రోజు శాలువా పెట్టేదాన్ని. వాళ్లంటే నాకు గౌరవం లేక కాదు. వాళ్లు అంకె చెప్పలేదు, హాలువాడు చెప్పాడు. ఇవాళ ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ మీకు పనికొచ్చేది ఇదే.

పెద్దల ముందు డబ్బు ఎత్తకపోవడం మర్యాద అని మనకు నేర్పారు. ఆ మర్యాద ఖర్చు ఇన్నాళ్లూ మీ ఇల్లు భరించింది. పిలుపు వచ్చిన రోజే వాట్సాప్‌లో ఇలా రాసి చూడండి: 'నమస్కారం. ఫలానా తేదీ కచేరీకి నా పారితోషికం ఇంత. రానుపోను థర్డ్ ఏసీ టికెట్టు, స్టేషన్ నుంచి బండి, బస, భోజనం సభవారివి. చెల్లింపు కచేరీ రోజునే. మృదంగానికి రెండు వైపులా మైకు. సరేనని రాస్తే తేదీ ఖాయం చేసుకుంటాను.' ఇందులో పొగరు లేదు. మైకు సెట్టు వాడు, షామియానా వాడు, వంటవాడు అందరూ ఇలాగే మాట్లాడతారు. టికెట్టు ముందే తీయమనడం ముఖ్యం. పిలుపు ఆలస్యమై తత్కాల్‌లో కొంటే ఆ తేడా మీ నెత్తిమీదే పడుతోంది. ప్రదర్శనలకు వెళ్లే కళాకారులకు ఒకప్పుడు రైల్లో రాయితీ ఉండేది. 2020 మార్చిలో అది ఆగిపోయింది. సభల పెద్దలు చాలామంది ఇంకా ఆ రోజుల ఛార్జీలే మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

దీనివల్ల ఏమవుతుందో దాచకుండా చెబుతాను. పన్నెండు సభల్లో నాలుగైదు మిమ్మల్ని వదిలేస్తాయి. కాలేజీ చదివే కుర్రాడొకడు సొంత ఖర్చుతో వస్తాడు, వాడికి అవకాశమే బహుమానం. అతని మీద కోపం పెట్టుకోకండి, పదేళ్ల కిందట మీరూ అలాగే వెళ్లారు. మొదటి ఆరునెలలు ఫోను మోగడం తగ్గుతుంది, భయమేస్తుంది. మిగిలిన ఏడెనిమిది సభలు మాత్రం మాట ప్రకారం ఇస్తాయి. లెక్క ప్రకారం నష్టం లేదు. మనసుకు నష్టం ఉంది, ఎందుకంటే వదిలేసిన వాటిలో మీకు ఇష్టమైన వేదిక కూడా ఉండొచ్చు.

ఒక్క సంగతి ఆరా తీయమంటాను. గాయకుడికి 25,000 ఇచ్చారట అని రాశారు. ఎవరు చెప్పారు? చాలా సభలు బృందానికి మొత్తంగా ఇచ్చి పంచుకోమంటాయి. మరికొన్ని ఎవరి కవరు వారికే ఇస్తాయి. ఈ కచేరీలో ఏ పద్ధతో మీ ఉత్తరంలో లేదు. ఆ గాయకుడితో పదకొండేళ్లుగా వాయిస్తున్నారు, ఒక్కసారీ అడగలేదు. అడగండి. 'అన్నయ్యా, సభవారితో మాట్లాడేటప్పుడు నా ఛార్జీల సంగతి కూడా మీరే ఖాయం చేస్తారా' అంటే చాలు. మంచి గాయకుడికి మంచి మృదంగం కావాలి. ఆయన ఒక్కమాట అంటే సభ వింటుంది, మీరు పదిమాటలు అన్నా వినదు. ఆయనే మీ వాటా తింటున్నారని తేలితే, అదీ తెలియడమే మంచిది.

యూట్యూబ్ వీడియో గురించి. మన కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శనకారుడి హక్కు వచ్చింది, 2012 సవరణతో అది గట్టిపడింది. మీ అనుమతి లేకుండా మీ వాయింపును రికార్డు చేసి ప్రసారం చేయకూడదు. త్యాగరాజ కీర్తన ఎవరి సొత్తూ కాదు, కానీ ఆ సాయంత్రం మీరు వాయించిన వాయింపు మీది. దీనిమీద కోర్టుకెక్కమనను, ఖర్చు మీకే ఎక్కువ. పేరు సరిచేయమనండి, కచేరీ పూర్తి రికార్డింగు ఒక ప్రతి ఇవ్వమనండి. ఆ ప్రతిలోంచి మంచి భాగాలు మీరే కోసి పెట్టుకుంటే తర్వాత నృత్య గురువులకూ విదేశీ విద్యార్థులకూ చూపించుకోవచ్చు. ఇకమీదట ఈ షరతు కూడా ఆ సందేశంలోనే చేర్చండి.

మైకు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మహా మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ గారు అసలు మైకే వద్దని పట్టుబట్టారు. ఆయన స్థాయికి అది చెల్లింది. మనకు చెల్లేది ముప్పావుగంట ముందు హాలుకు చేరి, మైకు అబ్బాయితో పేరుపెట్టి మాట్లాడి, తొప్పి వైపు నాదం ఎలా ఉంటుందో అతనికి వినిపించడం. రవ్వముద్ద అంటించిన ఆ మూత గంభీరంగా పలకాలని అతనికి ఎవరూ చెప్పలేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు కట్టినట్టే మీకూ కడతాడు. ఏసీ హాల్లో మూతల శ్రుతి ఎలాగూ జారుతుంది, రాయీ కర్రా పట్టుకుని సవరించుకోవడానికీ ఆ సమయం కలిసొస్తుంది.

ఇప్పుడు మీకు అన్నిటికంటే నొప్పిగా ఉన్న చోటికి వస్తాను. డబ్బు గురించి నాలుగు పేజీలు రాశారు, తని గురించి ఒకటిన్నరే. కానీ ఆ ఒకటిన్నర పేజీలో అక్షరాలు మారిపోయాయి, వంకరపోయాయి. రెండు గంటలు ఇంకొకరి పాటను మోసి, మీకంటూ దొరికే ఆ పది నిమిషాల్లో హాలు లేచిపోతే ఎలా ఉంటుందో నాకు వివరించనక్కర్లేదు. మా సభలో కాఫీ తెచ్చే అతనికి 'తని మొదలైనప్పుడు తీసుకురా' అని చెప్పింది నేనే. జనానికి అది విరామమని నేర్పింది మేమే.

మన తెలుగువాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని నా నమ్మకం. కీర్తనల భాష మనదే. మాట వింటాం, భావం వింటాం, అక్కడే ఆగిపోతాం. చెన్నైలో సాహిత్యం సగం అర్థంకాని పెద్దమనిషి తొడమీద తాళం వేస్తూ లెక్క వింటాడు. మనకు మాట ఆగితే పాట ఆగినట్టే. తనిలో మాట ఉండదు కనుక లేస్తాం. మృదంగం అంటే గిట్టక కాదు, ఏం వినాలో తెలియక.

ఆ పద్నాలుగు గుడి కచేరీలు మీ చేతిలో ఉన్నాయి. అక్కడ కార్యదర్శి చీటీలుండవు. గాయకుడితో ముందే మాట్లాడుకుని, తనికి ముందు రెండు నిమిషాలు మైకు అడగండి. ఇది ఆది తాళం, ఎనిమిది లెక్క అని చెప్పండి. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. వాళ్ల చేత రెండుసార్లు వేయించండి. 'మీరు తాళం వదలకుండా వేయండి, నేను ఎక్కడెక్కడికో వెళ్లి చివర్న ముక్తాయింపు, అంటే ముగింపు జతి, మూడుసార్లు వాయించి, పల్లవి ఎత్తుకునే చోటుకే వచ్చి కలుస్తాను' అనండి. అప్పుడు అది వాళ్లకూ పందెమే. మీరు తప్పుతారా, వాళ్లు తప్పుతారా? గాయకుడూ తలదించుకోకుండా తాళం పైకి కనిపించేలా వేయాలి. ఒకసారి ఐదు లెక్క ఖండచాపు తాళం పెట్టి 'తక తకిట' అని నోటితో చెప్పించండి, మరోసారి ఏడు లెక్క మిశ్రచాపులో 'తకిట తకధిమి' చెప్పించండి. పిల్లలు మాత్రం వదలరు. పదిహేను నిమిషాల తని వద్దు. కూర్పు చెడకుండా ఏడెనిమిది నిమిషాల్లో ముగించేది ఒకటి సిద్ధం చేసుకోండి. చీటీ వచ్చినా దాన్ని సగంలో నరకాల్సిన పని ఉండదు. ఇది లొంగిపోవడం కాదు. ఇవాళ మనం పవిత్రమనుకునే కచేరీ పద్ధతి కూడా గత శతాబ్దంలో గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు శ్రోతల ఓపికను చూసి మలిచినదే.

ఇంకో దారి కూడా ఉంది, నెమ్మదిది. వయొలిన్ అంటే పక్కవాద్యమే అనుకునే రోజుల్లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి వినిపించారు. మన కాలంలో యెల్లా వెంకటేశ్వరరావు గారు మృదంగాన్ని ఏకవాద్యంగా వేదిక ఎక్కించారు. అందరికీ సాధ్యం కాదు. కానీ ఒక ఘటం, ఒక కంజీర, మీ విద్యార్థులిద్దరు, గంట సేపు తాళవాద్య కార్యక్రమం మీ ఊళ్లో ఏడాదికొకటి చేసి చూడండి. ముప్పై మంది వస్తారు. ఆ ముప్పై మందీ మీ కోసం వచ్చినవాళ్లు.

ఉద్యోగం. ఏడాదికి 2,88,000. మీ కచేరీల మీద ఖర్చులు పోగా మిగులుతున్నది సుమారు 1,45,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసి మీ భార్య ఏమనుకుంటుందో ఊహించండి. మీరు ఉద్యోగమా, మృదంగమా అని అడిగారు. కానీ ఆ ఉద్యోగం వేటికి అడ్డొస్తుందో చూడండి. గుడి ఉత్సవాలు సాయంత్రాలు. రంగప్రవేశాలు ఎక్కువగా ఆదివారాలూ, వేసవి సెలవులూ. ఇంట్లో పాఠాలు ఐదు తర్వాత. రేడియోకు రెండు రోజుల సెలవు. అడ్డొచ్చేవి బయటి ఊళ్ల సభలే, అంటే మీకు నష్టం తెచ్చే పదహారు. అందుకే నిర్ణయం ఇంత బరువుగా ఉంది: పోయేది అన్నం కాదు, పేరు. రెండు సీజన్లు కనబడకపోతే గాయకులు ఇంకొకరికి అలవాటు పడతారు, అది నిజం. స్కూల్లో వార్షికోత్సవానికి సినిమా పాటలు నేర్పించమంటారు, అదీ నిజం. రోజుకు ఆరు పీరియడ్లు అరిచి వచ్చాక చేతిలో సాధక బలం ఉండాలంటే తెల్లవారుజామున లేవాలి. చేరేముందు ఒకటి అడిగి చూడండి: వారానికి నాలుగు రోజులు, జీతం 16,000 ఇస్తారా అని. సంగీతం మాస్టారు దొరకడం వాళ్లకూ కష్టమే. ఒప్పుకుంటే నెలకు ఒక సభకు వెళ్లే వీలుంటుంది. ఒప్పుకోకపోతే ఒక ఏడాది చేసి చూడటమా, అసలు చేరకుండా ఆ సందేశం పద్ధతితో ఏడాది నడిపి చూడటమా, రెండూ తప్పు దారులు కావు. మొదటిదానిలో నిద్ర పడుతుంది, దిగులుంటుంది. రెండోదానిలో ఉత్సాహం ఉంటుంది, నెలాఖరు భయం పోదు.

అమెరికా విషయంలో మాత్రం నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. సందర్శక వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని కచేరీలు చేయడం ఆ దేశ చట్టం ఒప్పుకోదు. ఒక జాతి సంప్రదాయ కళలను ప్రదర్శించేవారికి పీ-3 అనే వీసా ఉంది. దానికి అక్కడి నిర్వాహకులు అర్జీ పెట్టి అనుమతి తెప్పించాలి. ఖర్చూ సమయమూ పడుతుంది కనుకే 'ఫరవాలేదు' అంటున్నారు. విమానాశ్రయంలో రెండు మృదంగాలతో దిగిన మనిషిని ఎందుకొచ్చావని అడిగితే మీరు అబద్ధం చెప్పాలి. దొరికితే వెనక్కి పంపేది మిమ్మల్ని, తర్వాత వీసా రాకుండా పోయేదీ మీకే. 2,700 డాలర్లు గొలుసు విడిపించడానికి చాలు, అది నాకూ తెలుసు. పీ-3 తెప్పిస్తే వస్తానని చెప్పండి. వచ్చే ఏడాదికైనా సరే. తెప్పించేవాళ్లయితే ఒప్పందం కాగితం మీద రాయించుకోండి: ఏ ఊళ్లో ఎన్ని కచేరీలు, రద్దయితే ఎంత, ఆరోగ్య బీమా ఎవరిది. పది వారాల్లో మీ విద్యార్థులు చెదిరిపోకుండా పాఠాలు ఆన్‌లైన్లో సాగే ఏర్పాటు చేసుకుని వెళ్లండి.

అటక మాట మీరు ఆఖరి పేజీలో రాశారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. పెద్ద మృదంగానికి కుడి మూత పాడై నాలుగు నెలలైందనీ, ఐదు శ్రుతి చిన్న మృదంగంతోనే నెట్టుకొస్తున్నాననీ. వదిలేయాలనుకునేవాడు మూత గురించి రాయడు. ఈ వారం ఆ మూత మార్పించండి. రంగప్రవేశం డబ్బులోంచి అది తీయండి. వచ్చే రెండు రంగప్రవేశాల డబ్బు గొలుసుకు. గొలుసు ఇంటికి వచ్చేదాకా చెన్నై టికెట్టు తీయకండి. ఈ వరస నేను చెప్పినట్టు కాదు, మీరే అనుకున్నట్టు ఆవిడతో చెప్పండి. ఆవిడ మౌనానికి అర్థం కోపమని మీరు అనుకుంటున్నారు. మా అమ్మ కూడా కవరు లెక్కపెట్టి ఏమీ అనేది కాదు. నాన్న పోయాక ఒకరోజు చెప్పింది, "ఆయన ఒక్కసారి నాతో కూర్చుని లెక్క చూసుంటే బాగుండేది" అని.